ఖరీదంతా కుట్టులోనే... ఇంటివద్దే తోలు హ్యాండ్‌బ్యాగ్

నరసరావుపేట: నగరాల్లోని పెద్ద దుకాణాల్లో అద్దాల వెనుక మెరిసే విదేశీ హ్యాండ్‌బ్యాగుల ధర వింటే సామాన్యులకు కళ్లు తిరుగుతాయి. ఫ్రాన్స్‌కు చెందిన ఎర్మెస్ సంస్థ నటి జేన్ బర్కిన్ కోసం రూపొందించిన తొలి ‘బర్కిన్’ సంచి 2025 జులైలో పారిస్‌లో జరిగిన వేలంలో సుమారు 86 లక్షల యూరోలు పలికింది. మన లెక్కలో ఇది దాదాపు 86 కోట్ల రూపాయలు. అది ఒక నటి వాడిన చారిత్రక వస్తువు కనుక అంత ధర వచ్చిందనుకున్నా, అదే సంస్థ కొత్తగా తయారుచేసే సంచులు సైతం లక్షల రూపాయల్లోనే ఉంటాయి. ఇంతకీ ఆ సంచిలో ఉన్నదేమిటి? మేలైన తోలు, మైనం పట్టించిన దారం, రెండు సూదులు, ఒక ఆరె, ఓర్పు గల రెండు చేతులు. వీటిలో పల్నాడు పల్లెలకు తెలియనిది ఏదీ లేదు. కొద్దిపాటి పనిముట్లు సమకూర్చుకుని, పద్ధతిగా నేర్చుకుంటే అటువంటి నాణ్యత గల సంచిని ఇంటివద్దే కుట్టుకోవచ్చు. పేరుమోసిన సంస్థల పనితనాన్ని ఆదర్శంగా తీసుకుంటే చాలు. వారి ముద్రను అనుకరించవలసిన అవసరం లేదు, అది చట్టరీత్యా నేరం కూడా.

జీను కుట్టిన చేతులే...

ఎర్మెస్ సంస్థ 1837లో పారిస్‌లో ప్రారంభమైనప్పుడు హ్యాండ్‌బ్యాగుల ఊసే లేదు. గుర్రపు బండ్లకు కావలసిన తోలు పట్టీలు, సామగ్రి తయారుచేయడమే దాని పని. గుర్రం లాగే బరువుకు పట్టీ తెగకూడదు, కుట్టు విడిపోకూడదు. ఆ అవసరం కోసం వాడిన కుట్టునే తరువాతి కాలంలో సంచులకు తెచ్చారు. ఒకే దారానికి రెండు కొనలా రెండు సూదులు కట్టి, ప్రతి రంధ్రంలోనుంచి రెండింటినీ ఎదురెదురుగా దూర్చి బిగించే ఈ పద్ధతిని జీను కుట్టు అంటారు.

కుట్టుమిషను వేసే కుట్టుకూ దీనికీ తేడా తెలుసుకోవడం అవసరం. మిషనులో పై దారం, కింద బాబిన్ దారం తోలు మధ్యలో ఒకదానినొకటి మెలివేసుకుంటాయి. ఒకచోట ఒక దారం తెగితే రెండోదానికి పట్టు తప్పుతుంది, పక్క కుట్లు వరుసగా వదులవుతాయి. జీను కుట్టులో రెండు కొనలూ ప్రతి రంధ్రంలోనూ ప్రయాణిస్తాయి కనుక, ఒకవైపు దారం అరిగి తెగినా రెండో దారం అతుకును పట్టి ఉంచుతుంది. చేతికుట్టు సంచి ఏళ్ల తరబడి నిలవడానికి ఇదే కారణం. ఈ కుట్టును మామూలు మిషను వేయలేదు, చేతితోనే వేయాలి.

మోట బాన నుంచి సంచి దాకా

తెలుగు పల్లెల్లో తోలుపని ఒకనాడు వ్యవసాయానికి ఊపిరి. మోట బావి నుంచి నీరు తోడే తోలు బాన, ఎద్దుల పట్టెడలు, రైతు తొడిగే కిర్రు చెప్పులు, ఊరిని పిలిచే డప్పు, అన్నీ చర్మకారుల చేతిమీదుగా వచ్చినవే. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడుదల కావడం, తరువాత విద్యుత్ మోటార్లు రావడంతో మోటలు మూలనపడ్డాయి. ప్లాస్టిక్, రబ్బరు చెప్పులు వచ్చాక మిగిలిన పనీ తగ్గింది. రంపెతో తోలు కోసి, ఆరెతో రంధ్రం పొడిచి, మైనపు దారాన్ని లాగి బిగించే విద్య మాత్రం బస్టాండ్ల పక్కన, సంత వీధుల్లో చెప్పులు కుట్టేవారి చేతుల్లో ఇప్పటికీ ఉంది.

ఈ పనికి ఒకవైపు ఊరు ఆధారపడుతూనే, మరోవైపు చేసిన మనిషిని దూరం పెట్టింది. వినుకొండలో 1895లో జన్మించిన మహాకవి గుర్రం జాషువ తన ‘గబ్బిలం’ కావ్యంలో అరుంధతీసుతుని నాయకునిగా నిలిపి ఈ అన్యాయాన్నే ప్రశ్నించారు. నేడు అదే తోలుపని పారిస్‌లో ‘కళ’గా, మన వీధి చివర ‘మరమ్మతు’గా చలామణీ అవుతోంది. ఇంట్లో ఒక సంచిని స్వయంగా కుట్టి చూసినవారికి ఈ రెండింటి మధ్య ఉన్నది పనితనంలో తేడా కాదని త్వరలోనే బోధపడుతుంది.

తోలు ఎంపికే సగం పని

పచ్చి చర్మం కుళ్లకుండా, గట్టిపడకుండా ఊనడాన్ని టానింగ్ అంటారు. ఇందులో ప్రధానంగా రెండు రకాలున్నాయి. మొదటిది చెట్ల బెరడు, కాయలతో ఊనినది. దక్షిణాదిలో తంగేడు చెక్క, కరక్కాయ ఇందుకు ప్రసిద్ధి. పల్నాడు మెట్ట భూముల్లో పసుపుపచ్చగా పూసే తంగేడు బెరడుతో ఊనిన తోళ్లు బ్రిటిష్ పాలనలో మద్రాసు రేవు నుంచి ఇంగ్లండుకు పెద్దఎత్తున ఎగుమతి అయ్యేవి. రెండోది క్రోమియం లవణాలతో ఊనే క్రోమ్ తోలు. ఇది మెత్తగా ఉంటుంది, నీటిని కొంత తట్టుకుంటుంది, త్వరగా తయారవుతుంది. నేడు మార్కెట్లో దొరికే తోలులో అధికభాగం ఇదే.

తొలిసారి సంచి కుట్టేవారికి చెక్కతో ఊనిన తోలు అనువైనది. కోసినప్పుడు అంచు నిటారుగా నిలుస్తుంది, రుద్దితే నునుపు తేలుతుంది, వాడేకొద్దీ రంగు చిక్కబడి అందం పెరుగుతుంది. దుకాణంలో గుర్తించడం కష్టం కాదు. ముక్క అంచును పరిశీలిస్తే చెక్కతో ఊనిన తోలు లోపల కూడా గోధుమ వర్ణంలో ఉంటుంది. క్రోమ్ తోలు మధ్యభాగం చాలావరకు నీలి బూడిద రంగులో కనిపిస్తుంది. అంచున వస్త్రపు పొర కనిపిస్తే అది తోలు కాదు, రెగ్జిన్.

తోలును చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు. సంచి పలకలకు 1.5 నుంచి 1.8 మిల్లీమీటర్ల మందం గల గేదె తోలు సరిపోతుంది. మేక తోలు పలుచగా ఉంటుంది కనుక లోపలి జేబుకు వాడుకోవచ్చు. వెన్ను భాగం తోలు బిగువుగా, పొట్ట భాగం తోలు సాగుడుగా ఉంటుంది. పట్టీలను ఎప్పుడూ వెన్ను వెంబడి నిలువుగా కోయాలి. పొట్ట భాగం నుంచి కోసిన పట్టీ నాలుగు నెలల్లో సాగి వేలాడుతుంది.

కొలతలు ఇవీ...

ఇక్కడ చెప్పే సంచి 12 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల ఎత్తు, 3 అంగుళాల లోతు గలది. కార్యాలయానికి వెళ్లే మహిళకు టిఫిన్ డబ్బా, గొడుగు, పుస్తకం పట్టే పరిమాణమిది. దీనికి ముందు వెనుక పలకలు రెండు, అడుగు, పక్కలు కలిసి వచ్చే 34 అంగుళాల పొడవు, 3 అంగుళాల వెడల్పు గల పట్టీ ఒకటి, 22 అంగుళాల పొడవు, అంగుళం వెడల్పు గల పిడి పట్టీలు నాలుగు, 7 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు గల జేబు ముక్క ఒకటి కావాలి. అన్నీ కలిపి సుమారు 3.3 చదరపు అడుగులు. తోలు ఆకారం సమంగా ఉండదు, మచ్చలు, గీతలు తప్పించుకోవాలి. అందువల్ల అయిదు చదరపు అడుగులు కొనడం మంచిది. పొడవైన పట్టీ ఒకే ముక్కగా రాకపోతే రెండు ముక్కలను అడుగు మధ్యలో అతికి కుట్టుకోవచ్చు.

పనిముట్ల విషయానికి వస్తే, పదునైన కట్టర్ బ్లేడు లేదా రంపె, స్టీలు స్కేలు, ఆరె, మొన మొద్దుగా ఉన్న రెండు సూదులు, 0.6 నుంచి 0.8 మిల్లీమీటర్ల మైనపు దారం, కొయ్యసుత్తి, ఉప్పుకాగితం, తోలుకు వాడే రబ్బరు జిగురు, కొద్దిగా తేనెమైనం చాలు. రంధ్రాల గుర్తులకు పళ్ల ఉలి దొరికితే సరే, లేకపోతే పిల్లల జామెట్రీ బాక్సులోని డివైడర్‌ను 4 మిల్లీమీటర్లకు బిగించి గుర్తులు పెట్టుకోవచ్చు.

దశలవారీగా తయారీ

మొదట అట్టతో నమూనాలు కోసుకోవాలి. పలకల కింది మూలలను ఒక గ్లాసు అంచు ఆధారంగా గుండ్రంగా గీయాలి. ఆ అంచు వెంబడి దారం పెట్టి కొలిస్తే పొడవు సుమారు 31 అంగుళాలు వస్తుంది. పట్టీని 34 అంగుళాలు కోయమనడం అందుకే. మిగిలినదాన్ని చివర కత్తిరించవచ్చు, తక్కువైతే మాత్రం అతకలేం. అట్ట సంచిని క్లిప్పులతో జతచేసి భుజానికి తగిలించి చూసుకోవాలి. పొరపాటు అట్టలో దిద్దుకుంటే తోలు మిగులుతుంది.

నమూనాను తోలు లోపలివైపు ఉంచి గీసి, స్కేలు ఆధారంగా బ్లేడును నిటారుగా పట్టి కోయాలి. ఒకే దెబ్బకు తెగకపోతే అదే గీతలో రెండోసారి, మూడోసారి లాగాలి. బ్లేడు దారిలో ఎడమచేతి వేళ్లు ఉండకుండా చూసుకోవాలి.

పలకలు విడిగా ఉన్నప్పుడే జేబు కుట్టడం, అయస్కాంతపు గుండీ బిగించడం, పిడులు అమర్చడం పూర్తి చేయాలి. సంచి రూపం వచ్చాక లోపలికి చేయి, సుత్తి పట్టవు. పిడికి రెండు పట్టీలను వీపులు కలిపి జిగురుతో అతికి, రెండు అంచుల వెంబడి కుట్టాలి. పిడి కొనను పలక మీద కనీసం రెండు అంగుళాలు దింపి, నలుచదరంగా కుట్టి, మధ్యలో అడ్డుకుట్టు వేస్తే బరువు ఒకేచోట పడదు.

అనంతరం పలకను, పట్టీని జతచేయాలి. జిగురు పట్టే భాగం నునుపుగా ఉంటే ఉప్పుకాగితంతో గరుకు చేసి, రెండువైపులా పలుచగా పూసి, తడి ఆరి జిగట తేలే వరకు ఆగి, అప్పుడు నొక్కాలి. పల్నాడు ఎండల్లో, ముఖ్యంగా రెంటచింతల వంటి చోట్ల, వేసవి మధ్యాహ్నం జిగురు చూస్తుండగానే ఆరిపోతుంది. ఆ కాలంలో ఈ పనిని ఉదయం పూట పెట్టుకోవడం, ఒకేసారి జానెడు మేరకే పూయడం మంచిది. ఈ జిగురుకు మంట త్వరగా అంటుకుంటుంది, ఆవిరి తల తిప్పుతుంది. వంటింట్లో, పొయ్యి దగ్గర వాడరాదు. కిటికీలు తెరిచి ఉంచాలి, పిల్లలను దూరంగా ఉంచాలి.

అతకడం అడుగు మధ్యబిందువు నుంచి మొదలుపెట్టి రెండువైపులా పైకి రావాలి. ఒక చివర నుంచి మొదలుపెడితే మూలల వద్ద తోలు సాగి, రెండో చివరకు వచ్చేసరికి పక్కలు ఎగుడుదిగుడవుతాయి.

కుట్టు వేసే తీరు

అంచుకు 4 మిల్లీమీటర్లు లోపల గీత గీసి, దానిపై 4 మిల్లీమీటర్లకొకటి చొప్పున గుర్తులు పెట్టాలి. ఇలా అంగుళానికి ఆరు కుట్లు వస్తాయి. ఒక్కో పలక చుట్టూ దాదాపు 190, రెండింటికీ కలిపి 380 కుట్లు. ఆరెను తోలుకు నిటారుగా పట్టి రంధ్రాలు పొడవాలి. ఆరె వాలితే వెనుకవైపు వరుస వంకర పోతుంది.

కుట్టవలసిన పొడవుకు నాలుగు రెట్లు, ఆపైన సూదులకు జానెడున్నర దారం అవసరం. 31 అంగుళాలకూ ఒకే దారం తీసుకుంటే చిక్కులు పడుతుంది కనుక, అడుగు మధ్య నుంచి ఒక్కోవైపు విడిగా కుట్టాలి. ఒక్కోదానికి సుమారు ఆరున్నర అడుగుల దారం పడుతుంది. దారాన్ని తేనెమైనం మీదుగా రెండుమూడు సార్లు లాగి, రెండు కొనలకూ సూదులు ఎక్కించాలి. పనిని తొడల మధ్య రెండు చెక్కపలకల నడుమ ఇరికించుకుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి.

మొదటి రంధ్రంలో దారం దూర్చి రెండువైపులా సమానం చేయాలి. తరువాతి రంధ్రంలోకి ముందుగా ఎడమ సూదిని పంపి, దారాన్ని కొద్దిగా పక్కకు లాగి పట్టుకుని, అదే రంధ్రంలో కుడి సూదిని పంపాలి. రెండో సూది మొదటి దారాన్ని గుచ్చకూడదు. గుచ్చితే కుట్టు బిగియదు, విప్పవలసి వచ్చినప్పుడు రాదు. ఆపై రెండు కొనలనూ సమానమైన బిగువుతో లాగాలి. ప్రతి కుట్టుకూ ఇదే క్రమం పాటించాలి. ఒక కుట్టుకు ఎడమ సూది ముందు, మరో కుట్టుకు కుడి సూది ముందు పంపితే వరుస అందం చెడుతుంది. చివర రెండుమూడు రంధ్రాలు వెనక్కి కుట్టి దారం కత్తిరించాలి. పాలిస్టర్ దారమైతే కొనను అగ్గిపుల్ల సెగకు చూపి అదిమితే అతుక్కుంటుంది.

కుట్టుకు నిమిషం పట్టినా ఈ సంచికి ఆరు గంటలకు పైగా కుట్టే పని ఉంటుంది. కోత, అతుకు, అంచుల పని కలిపితే ఒక కుటుంబానికి రెండు ఆదివారాల పని. తొలి ప్రయత్నంగానే సంచి జోలికి పోకుండా, తాళాల గుత్తి పట్టీ, చిన్న పర్సు కుట్టి చేయి తిరిగాక దీనిని చేపట్టడం శ్రేయస్కరం.

అంచు చెప్పే నిజం

చేతిపని నాణ్యత మొదట అంచుల్లో తెలుస్తుంది. కుట్టిన తరువాత అంచులను బ్లేడుతో సమం చేసి, ముందు గరుకు, తరువాత నున్నని ఉప్పుకాగితంతో రుద్దాలి. చెక్కతో ఊనిన తోలయితే అంచును కొద్దిగా తడిపి, నున్నని కొయ్యతోనో, మందపాటి నూలు గుడ్డతోనో వేగంగా రాపిడి చేస్తే నారలు అణగి గాజులా మెరుస్తాయి. చివర తేనెమైనం పూసి మరోసారి రుద్దితే తేమ ఎక్కదు. క్రోమ్ తోలు ఇలా మెరవదు, దాని అంచుకు ప్రత్యేకమైన రంగు పూయాలి. లోపలి అస్తరుకు మంగళగిరి నేత వస్త్రం అతికినట్లు సరిపోతుంది.

తయారైన సంచిని ఎండలో వదలరాదు. తడిస్తే లోపల కాగితాలు కూరి నీడన ఆరబెట్టాలి. వానాకాలంలో పాలిథిన్ కవరులో ఉంచితే బూజు పడుతుంది కనుక నూలు గుడ్డలో చుట్టి గాలి తగిలేచోట ఉంచాలి.

ప్రేరణ వేరు, నకలు వేరు

పెద్ద సంస్థల సంచి చూసి దాని పొందిక, కుట్టు, పిడి అమరిక నేర్చుకోవడంలో తప్పులేదు. అయితే నమోదైన డిజైన్లకు 2000 నాటి డిజైన్ల చట్టం రక్షణ ఇస్తుంది కనుక, అమ్మకానికి పెట్టేవారు ఒక సంచిని ఉన్నదున్నట్లు దించకూడదు. పేరు, ముద్ర వేయడం మరింత తీవ్రమైన విషయం. ట్రేడ్‌మార్కుల చట్టం-1999లోని 103వ సెక్షన్ ప్రకారం నకిలీ ముద్ర వేసినవారికి ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల వరకు జరిమానా పడవచ్చు. ‘ఫస్ట్ కాపీ’ అని చెప్పి అమ్మినా మినహాయింపు లేదు.

ఈ నీతి పెద్ద సంస్థలకూ వర్తిస్తుంది. ఇటలీకి చెందిన ప్రాడా 2025 జూన్‌లో మిలాన్‌లో ప్రదర్శించిన చెప్పులు, 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన కొల్హాపురి చెప్పులను పోలి ఉండగా వాటి పేరైనా చెప్పకపోవడం విమర్శలకు దారితీసింది. అవి భారతీయ చేతిపని ప్రేరణతో రూపొందినవేనని ఆ సంస్థ తరువాత అంగీకరించింది. అదే ఏడాది డిసెంబరులో మహారాష్ట్ర, కర్ణాటక ప్రభుత్వ తోలు పరిశ్రమల సంస్థలతో ఒప్పందం కుదుర్చుకుంది.

రూపకల్పనకు మనవద్ద కొరత లేదు. అమరావతి స్తూప శిల్పాల్లోని పద్మం, మాచర్ల సమీపాన నాగార్జునకొండ శిల్పాల్లోని లతలు, తోలుబొమ్మలపై పొడిచే చిల్లుల అల్లిక, వీటిలో ఏదైనా సంచి పలకపై చక్కగా ఒదుగుతుంది. శ్రీసత్యసాయి జిల్లా ధర్మవరం మండలం నిమ్మలకుంట కళాకారులు తోలుబొమ్మల విద్యనే దీపపు గుబురులు, గృహాలంకరణ వస్తువులకు మళ్లించి బతుకుతెరువు నిలుపుకొన్నారు. ఆ గ్రామానికి చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది.

చేయూత ఎక్కడ?

తోలు శాస్త్రంలో శిక్షణకు చెన్నై అడయారులో 1948లో ఏర్పాటైన కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ పేరుపొందింది. రాష్ట్రంలో చర్మకారుల అభివృద్ధికి 1973లో లిడ్‌క్యాప్ ఏర్పడింది. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో చర్మకార వృత్తి ఒకటి. దీనికింద శిక్షణ కాలంలో రోజుకు రూ.500 భృతి, పనిముట్లకు రూ.15 వేలు, 5 శాతం వడ్డీపై తొలివిడత రూ.లక్ష, మలివిడత రూ.2 లక్షల రుణం ఇవ్వాలని నిబంధనలు చెబుతున్నాయి. కుటుంబానికి ఒకరే అర్హులు. నమోదు వివరాలను కామన్ సర్వీస్ సెంటరులో తెలుసుకోవచ్చు.

వీటన్నిటికంటే దగ్గరలో ఉన్న గురువు మన ఊరి చర్మకారుడే. ఆరె పట్టే తీరు, దారం బిగువు, తోలు సాగుడు పుస్తకం చూసి నేర్చుకునేవి కావు. ఒక ఆదివారం ఆయన వద్ద కూర్చుని నేర్చుకుని, ఆ పూట కూలి కాకుండా గురువుకు ఇవ్వవలసిన రుసుము చెల్లిస్తే ఇద్దరికీ మేలు. సంచి కుట్టడం రానివారు తోలు, నమూనా తామే తెచ్చి ఆయనచేత కుట్టించుకోవచ్చు. అప్పుడు 380 కుట్లకు పట్టిన ఆరు గంటలను లెక్కగట్టి వెల ఇవ్వాలి. చెప్పు అతుక్కు బేరమాడినట్లు దీనికి బేరమాడడం సరికాదు. పారిస్‌లో ఆ పనికి దక్కే గౌరవంలో కొంతైనా నరసరావుపేటలో, మాచర్లలో, గురజాలలో దక్కినప్పుడే ఈ విద్య తరువాతి తరానికి అందుతుంది.